ఎముకకూ గుండెకూ మధ్య

నా భార్య చనిపోయింది జబ్బుతో కాదు. ఒక డాక్టరు అడగకూడని మనిషిని ఒక ప్రశ్న అడిగాడు. ఆ మనిషి జవాబు చెప్పాడు. పదకొండేళ్ళ తర్వాత ఆమె చనిపోయింది. ఆ మనిషిని నేనే. ఇందులో వాదించుకోవడానికి ఏమీ లేదు.

నేను తాపీ మేస్త్రిని. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. చదవడం, రాయడం, కొలతలు కట్టడం వచ్చు. గుండె గురించి ఏమీ తెలియదు. నాకు తెలియదని ఆ డాక్టరుకూ తెలుసు.

ఆమెకు చిన్నతనంలో కీళ్ళ జ్వరం వచ్చిందట. కీళ్ళు బాగయ్యాయి. జ్వరం పోతూ పోతూ గుండెలో ఒక వాల్వును పాడుచేసి పోయింది. ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఎవరూ పట్టుకోలేదు. మెట్లెక్కితే ఆయాసపడేది. నేను బద్ధకం అనేవాణ్ణి.

"నువ్వు కట్టిన మెట్లేగా. మనుషులకు కట్టావా, ఒంటెలకు కట్టావా?" అనేది.

ఒకరోజు నీళ్ళ బకెట్టు సగం దారిలో దించి అక్కడే కూలబడింది. పెదాలు నీలంగా మారాయి. అప్పుడు నోరు మూసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను.

అక్కడి గుండె డాక్టరు పొట్టివాడు. ఆపరేషను చేసేటప్పుడు కాళ్ళకింద స్టూలు వేయించుకుంటాడని వార్డులో చెప్పుకునేవారు. నా బావమరిది, అంటే ఆమె తమ్ముడు, ఆయనకు స్టూలు డాక్టరు అని పేరు పెట్టాడు. బావమరిది బస్సు డ్రైవరు. కనబడ్డవాళ్ళకల్లా పేర్లు పెడతాడు. నాకూ ఒకటి పెట్టాడని తెలుసు, అదేమిటో ఇంతవరకు నా ముందు అనలేదు.

స్టూలు డాక్టరు వాల్వు సంగతి ఆమెతోనే మాట్లాడాడు. నేను పక్కన నిలబడి విన్నాను. లోహపు వాల్వు వేస్తే చాలాకాలం ఉంటుంది, కానీ రక్తం పలచబడే మాత్రలు జీవితాంతం మింగాలి, అవి మింగుతూ బిడ్డను కనడం ప్రమాదం. జంతువు పొరతో చేసిన వాల్వు వేస్తే ఆ గొడవ అంతగా ఉండదు, కానీ పది పన్నెండేళ్ళకు పాడైపోతుంది, మళ్ళీ కోసి మార్చాలి. ఏది కావాలి అన్నాడు.

ఆమె తడుముకోలేదు. "రెండోదే. పన్నెండేళ్ళకు నా పిల్ల బడికెళ్తూ ఉంటుంది. అప్పటికి నాకూ తీరికే."

"పిల్ల ఇంకా పుట్టలేదు కదమ్మా" అన్నాడు డాక్టరు.

"మీ పని మీరు కానివ్వండి సార్. మిగతాది మేం చూసుకుంటాం."

నర్సు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. నేను సిగ్గుతో తల దించుకున్నాను.

ఇది ఎందుకు రాశానంటే, అడిగితే జవాబు చెప్పగల మనిషి అని ఆ డాక్టరు ఆమెను కళ్ళారా చూశాడు. అయినా తర్వాతి ప్రశ్న నన్ను అడిగాడు.

ఆపరేషనుకు ముందురోజు మధ్యాహ్నం. వరండాలో నేనూ బావమరిదీ బల్లమీద కూర్చున్నాం. గోడకు నడుమెత్తు వరకు ఆకుపచ్చ రంగు. ప్లాస్టరింగు చేసినవాడు చెయ్యి తిరిగినవాడు కాదు, తలుపు పక్కన బుడిపెలు వదిలేశాడు. ఆ తలుపు లోపల మూడో మంచంమీద ఆమె ఉంది. పక్క మంచం ఆవిడతో కబుర్లు చెబుతున్న గొంతు నాకు వినబడుతూనే ఉంది.

స్టూలు డాక్టరు చేతిలో ఫైలుతో వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"చూడయ్యా, గుండె చుట్టూ సంచీ లాంటిది ఒకటి ఉంటుంది. ఆపరేషనులో దాన్ని కోస్తాం. చాలాసార్లు మళ్ళీ కుట్టకుండా వదిలేస్తాం. లోపల మానేటప్పుడు గుండె ముందుకొచ్చి రొమ్ము ఎముకకు అంటుకుపోతుంది. మామూలుగా దానివల్ల ఇబ్బందేం లేదు. కానీ ఈవిడకు మళ్ళీ తెరవాలి కదా. అప్పుడు ఎముకను రంపంతో కోస్తుంటే ఆ వెనకాలే గుండె ఉంటుంది. అందుకని మధ్యలో పల్చటి పొర ఒకటి వేస్తే అంటుకోవడం తగ్గుతుంది. కొత్త పద్ధతి. వెయ్యమంటావా?"

నాకు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే బాగుండేది.

"అది లోపలే ఉండిపోతుందా సార్?"

"ఉండిపోతుంది."

"మరి ఎముక అతుక్కుంటుందా?"

"ఎముకకూ దానికీ సంబంధం లేదు. ఎముకను తీగతో బిగించేస్తాం."

నాకు నా పని తెలుసు. పాత గోడకు కొత్త గోడ కలపాలంటే పాతదానికి గంట్లు పెట్టాలి, తడపాలి, సిమెంటు పాలు చల్లాలి. మధ్యలో ప్లాస్టిక్ కాగితం ముక్క పడినా అతుకు పట్టదు. ఏడాది తిరక్కుండా ఆ గీత వెంబడే బీట వస్తుంది. ఇందుకోసం నా కింద పనిచేసేవాళ్ళను ఎన్నిసార్లు తిట్టానో నాకే తెలియదు. నా లెక్కలో అంటుకోవడం మంచి పని. అంటుకోకపోవడం చేతగాని పని.

"వద్దు సార్" అన్నాను. "లోపల అన్నీ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో పొర పెడితే పట్టు రాదు."

బావమరిది నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఆయనకు తెలీదా బావా? పోనీ, అక్కను ఓసారి అడుగుదాం."

"నువ్వు పోయి బస్సు తోలుకోరా. కట్టుబడి సంగతి నాకు చెప్పకు."

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "సరే, నీ ఇష్టం" అన్నాడు. ఫైల్లో ఒక ముక్క రాసి, దానికింద నా చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. మొత్తం అయిదు నిమిషాలు పట్టలేదు. ఒక కిటికీ ఎక్కడ పెట్టాలో తేల్చడానికి నేను ఇంటివాళ్ళతో గంటసేపు మాట్లాడతాను.

లోపలికి వెళ్తే ఆమె "ఏమంటాడు?" అని అడిగింది.

"సంతకం కావాలన్నాడు. పెట్టాను" అన్నాను.

ఆపరేషను బాగా జరిగింది. రొమ్ము మధ్యన జానెడు పొడవున గీత పడింది. "పునాది తీసినట్టు తవ్వారు నన్ను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. రెండేళ్ళకు కూతురు పుట్టింది. పిడికెడంత ఉంది. బావమరిది చూసి పిచ్చుక అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. పదకొండేళ్ళపాటు ఆమె నాకన్నా ముందు మెట్లెక్కింది. పైన నిలబడి "ఒంటె గారూ, వస్తున్నారా?" అని పిలిచేది. ఆ పదకొండేళ్ళలో ఆ పొర సంగతి నేను ఒక్కసారి కూడా తలచుకోలేదు. బావమరిది తలచుకున్నాడేమో తెలియదు. నా కోపం తెలిసినవాడు, పైకి అనలేదు.

తర్వాత మళ్ళీ ఆయాసం మొదలైంది. వాల్వు పాడైంది. చెప్పిన గడువుకే పాడైంది. ఆ విషయంలో స్టూలు డాక్టరు మాట తప్పలేదు.

ఆయన అప్పటికి రిటైరయ్యాడు. ఆయన గదిలో ఒక పొడుగు డాక్టరమ్మ కూర్చుంది. మాట మెత్తన, చూపు గట్టిది. ఆమెను చూసి బావమరిది ఏ పేరూ పెట్టలేదు. అక్క ఒళ్ళు చిక్కిపోవడం చూసినప్పటి నుంచీ అతనికి వేళాకోళాలు రావడం మానేశాయి.

డాక్టరమ్మ కంప్యూటరులో స్కాను బొమ్మ పెట్టింది. తెల్లటి పట్టీ ఎముక. దాని వెనక బూడిదరంగులో గుండె. రెండింటికీ మధ్య నల్లటి సందు ఉండాలట. వేలితో పైనుంచి కిందిదాకా చూపించింది. ఎక్కడా సందు లేదు.

గోడ అయితే అది మంచి అతుకు. అంత మంచి అతుకు నేను జన్మలో వెయ్యలేదు.

"మొదటిసారి మధ్యలో ఏమీ వెయ్యలేదా?" అని తనలో తాను అనుకుంటూ డాక్టరమ్మ పాత ఫైలు తిరగేసింది. ఒకచోట ఆగింది. ఏం చదువుతోందో చూసుకోకుండానే పైకి చదివేసింది. "పొర వేసే విషయం వివరించాను. భర్త నిరాకరించారు."

చదివాక తల ఎత్తి మమ్మల్ని చూసింది. అప్పటికే ఆలస్యమైంది.

నా భార్య నావైపు తిరగలేదు. డాక్టరమ్మనే చూస్తూ అంది.

"ఈయన మేస్త్రి డాక్టరమ్మా. ఈయన కట్టింది ఏదీ ఇంతవరకు ఊడిరాలేదు."

డాక్టరమ్మ ఫైలు మూసేసింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మూడు స్టాపులు దాటాక మాట్లాడింది.

"ఆ రోజు నేను లోపలే ఉన్నానుగా?"

"ఉన్నావు."

"మెలకువగానే ఉన్నాను."

"ఊఁ."

"తలుపు తెరిచే ఉందా?"

తలుపు తెరిచే ఉంది. నేను ఆ మాట చెప్పలేదు. "ఆ డాక్టరుది తప్పు" అన్నాను. "నాకేం తెలుసని నన్ను అడిగాడు?"

"అడిగి సగం ఆయన తీసుకున్నాడు. చెప్పి సగం నువ్వు తీసుకున్నావు. నా ఒంట్లో నాకేం మిగిల్చారయ్యా మీరిద్దరూ?"

ముందు సీటులో ఉన్న మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

ఆపరేషనుకు ఇరవై రోజులు గడువిచ్చారు. ఆ ఇరవై రోజులూ నాతో పనికి కావలసినంత మాట్లాడింది. కుళాయి కారుతోంది. పిచ్చుక చెప్పులు బిగుతయ్యాయి. ఈ చొక్కా ఇక పనికిరాదు, తుడవడానికి పెట్టు. పిచ్చుకను అద్దం ముందు నిలబెట్టి, తన జడ తానే వేసుకోవడం నేర్పింది. పిల్లకు తొమ్మిదేళ్ళు. చేతులు వెనక్కి అందక ఏడ్చేది. "మళ్ళీ" అనేది ఆమె. వంకరగా వచ్చినా విప్పించి మళ్ళీ వేయించేది. ఎందుకు నేర్పుతోందో నాకు తెలుసు. గడప దగ్గర నిలబడి చూసేవాణ్ణి. లోపలికి వెళ్తే నేర్పడం ఆపేసేది.

ఆసుపత్రిలో చేరిన రోజు డాక్టరమ్మ మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నాకు కుర్చీ చూపించలేదు.

"ఎముకను కోసేముందే తొడ దగ్గర రక్తనాళాలకు గుండె పని చేసే మిషను కలిపి ఉంచుతాను. తర్వాత గుండెను ఎముక నుంచి కొంచెం కొంచెంగా విడదీస్తాను. ప్రమాదం ఉంది, దాచను. చెయ్యకపోతే ఏడాది గడవడం కూడా కష్టం. మూసేటప్పుడు ఈసారి మధ్యలో పొర వేస్తాను, మీకు సమ్మతమైతే."

"నన్నే అడుగుతున్నారా?"

"మిమ్మల్నే."

"అయితే వెయ్యండి. వాల్వు కూడా ఈసారి లోహంది వెయ్యండి. ఇంక పిల్లల గొడవ లేదు. మళ్ళీ మళ్ళీ ఎవరు కోయించుకుంటారు?"

కాగితాలు తీసుకుని ప్రతి ముక్కా చదివింది. అర్థం కానిచోట వేలు పెట్టి అడిగింది. అరగంట పట్టింది. చివర సంతకం పొట్టిగా గీకకుండా, ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టింది.

మర్నాడు పొద్దున చక్రాల మంచంమీద తీసుకెళ్తుంటే తలుపు దాకా వెళ్ళాను. నన్ను వంగమని సైగ చేసింది. ఇరవై రోజుల తర్వాత నా ముఖంలోకి చూసింది.

"బయట కూర్చో. ఎవరేమడిగినా నాకు తెలియదు అని చెప్పు. చెప్తావా?"

"చెప్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

నవ్విందో లేదో నాకు తెలియలేదు. తలుపు మూసేశారు.

పిచ్చుకను పక్కింట్లో వదిలి వచ్చాం. నేనూ బావమరిదీ అదే వరండాలో కూర్చున్నాం. గోడకు రంగు మార్చారు, బుడిపెలు అలాగే ఉన్నాయి. బావమరిది రెండుసార్లు టీ తెచ్చాడు. రెండుసార్లూ తనే తాగాడు. అయిదో గంటలో ఒక కుర్ర డాక్టరు ఆదరాబాదరా బయటికి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది.

"ఎముక నుంచి విడదీస్తుంటే గుండె చిరిగింది. ముందునుంచి చెయ్యి పెట్టే దారి దొరకడం లేదు. పక్కనుంచి కూడా తెరవాలి. ఇంటివాళ్ళ సంతకం కావాలి. భర్త ఎవరు?"

"నేను."

"ఇక్కడ పెట్టండి."

"నాకు తెలియదు" అన్నాను. "ఆమెనే అడగండి."

అతను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "ఆవిడ మత్తులో ఉన్నారండీ."

"నాకు తెలియదు."

బావమరిది కాగితం లాక్కుని, గోడకు ఆనించి సంతకం పెట్టి ఇచ్చేశాడు. కుర్ర డాక్టరు పరుగెత్తాడు. బావమరిది నా ఎదురుగా నిలబడ్డాడు. ఆ రోజుదాకా అతను నా ముందు గొంతు పెంచినవాడు కాదు.

"మూసుకోవాల్సినప్పుడు తెరిచావు, తెరవాల్సినప్పుడు మూశావు. ఏం నోరు బావా నీది?"

ఒట్టు సంగతి అతనికి చెప్పలేదు. చెబితే జాలిపడతాడు.

ఆ కాగితంవల్ల ఆలస్యమేమీ కాలేదని, లోపల పని ఆగలేదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఊరడింపు కోసం అబద్ధం చెప్పే మనిషి కాదు. సాయంకాలం నాలుగింటికి తనే బయటికి వచ్చింది. బుగ్గలమీద మాస్కు తాళ్ళ గుర్తులు పడి ఉన్నాయి.

"వాల్వు బాగానే కూర్చుంది. చిరిగినచోట కుట్టు నిలవలేదు. ఎంత కుట్టినా రక్తం ఆగలేదు. నావల్ల కాలేదు" అంది.

బావమరిది గోడకు చేరగిలి కిందికి జారిపోయాడు. నేను నిలబడే ఉన్నాను.

"మొదటిసారి ఆ పొర వేసి ఉంటే?"

"ఖాయంగా బతికేదని చెప్పలేను. రంపానికీ కత్తికీ కొంత సందు దొరికేది."

ఆ మాట చెప్పినందుకు ఆమెమీద నాకు కోపం లేదు. చుట్టాలు వచ్చి, రంపం తగిలించింది ఆవిడే, వదలకూడదు అన్నారు. నేను వాళ్ళతో వెళ్ళలేదు. రంపం ఆమె పట్టుకుంది. సందు లేకుండా చేసింది ఆమె కాదు.

ఇది జరిగి ఆరేళ్ళయింది. పిచ్చుకకు పదిహేనేళ్ళు. పోయిన నెల బీరువా సర్దుతూ ఆసుపత్రి ఫైలు తీసింది. దాచిపెట్టాలని నాకు తోచలేదు. సాయంత్రం నేను పనినుంచి రాగానే ఆ పేజీ నా ముందు పెట్టింది.

"భర్త అంటే నువ్వేగా నాన్నా?"

"నేనే. అమ్మ లోపలుంటే, ఆ డాక్టరు వరండాలో నన్ను అడగాల్సింది కాదు."

"ఎందుకు అడిగాడు మరి?"

"ఆయన్నే అడగాలి."

"అయితే పద, అడుగుదాం" అంది. తల్లి పోలిక.

ఇంటి జాడ కనుక్కుని ఆదివారం వెళ్ళాం. స్టూలు డాక్టరు ముసలివాడయ్యాడు. ముందుగదిలో పడక కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఆ చేతులే ఆమెను మొదటిసారి కోశాయి. మమ్మల్ని గుర్తుపట్టలేదు. వేలమందిని చూసి ఉంటాడు. పిచ్చుక ఫైలు ఆయన ఒళ్ళో పెట్టింది. తన రాతే కాబట్టి కాదనలేకపోయాడు.

"నన్నెందుకు అడిగారు సార్?" అన్నాను. నిలబడే అడిగాను.

"భర్తవి కదయ్యా. అప్పట్లో అలాగే అడిగేవాళ్ళం."

"వాల్వు ఏది కావాలో మా అమ్మనే అడిగారట" అంది పిచ్చుక. "ఇది కూడా అమ్మనే అడగొచ్చుగా తాతగారూ?"

ఆయన ఆ పేజీ ఇంకోసారి చదివాడు. "ఆపరేషను ముందురోజు... రంపం, చిరగడం, ఇవన్నీ చెప్పి భయపెట్టడం ఎందుకనుకున్నానమ్మా. పొరపాటే. నేను అడగాల్సింది ఆమెను." నావైపు తిరిగాడు. "నీ తప్పేమీ లేదయ్యా. నీకేం తెలుస్తుంది?"

ఆరేళ్ళుగా ఆయన నోటినుంచి ఈ మాట రావాలని కాచుకున్నాను. వచ్చింది. ఇంకో ఇంటి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టినట్టుంది. ఆయన మంచినీళ్ళు తెప్పిస్తానన్నాడు. వద్దని బయటికి వచ్చేశాను. ఆయన్ని క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు.

గేటు దాటాక పిచ్చుకతో అన్నాను. "విన్నావుగా. పొరపాటు తనదేనని ఆయనే చెప్పాడు."

"విన్నాను. వరండాలోంచి అమ్మ మంచం ఎంత దూరం నాన్నా?"

కొలత అడిగితే చెప్పకుండా ఉండలేను. "పన్నెండు అడుగులు."

"ఆయన అడిగాడు, సరే. పన్నెండు అడుగులు లోపలికెళ్ళి, 'ఏమే, ఇలా అంటున్నాడు, నువ్వేమంటావు' అని నువ్వెందుకు అడగలేదు?"

రోడ్డుమీద ఎవరో ఇల్లు కడుతున్నారు. ఇటుకలు అడ్డంగా పోసి ఉన్నాయి. వాటిని దాటుకుంటూ నడిచాను. ఆమె ఆగింది. నేనూ ఆగాల్సి వచ్చింది.

"తోచలేదు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

నా కూతురు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, ముందుకు నడిచింది. స్టాపు దాకా నాలుగడుగులు ముందే ఉంది.

బస్సు ఎక్కేముందు చెప్పాను. ఈ విషయం ఇక నా దగ్గర ఎత్తకు. నువ్వే కాదు, మీ మావయ్య ఎత్తినా, ఆ డాక్టరే ఇంటికొచ్చి ఎత్తినా నేను పలకను అన్నాను. ఆమె సరేననలేదు, కాదనలేదు. అడగడానికి ఆమెకు ఇంకా ఉన్నాయని తెలుసు. అడగనివ్వండి. చెప్పగలిగిందంతా పైన రాశాను. నోటితో మాత్రం ఇక ఒక్క ముక్క కూడా మాట్లాడను.